అందరూ నమ్మిన దిద్దుబాటు

ఏం పని చేస్తున్నారని ఎవరైనా అడిగితే "అబద్ధాలు సరిచూసే పని" అని చెప్పేవాణ్ణి. గుడిలో ప్రసాదం లైన్లో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "అయితే మా ఆయన్ని పంపిస్తాం అన్నయ్యగారూ, ఒకసారి చూసిపెట్టండి" అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ నవ్వు నాకు సులువుగానే వచ్చేది.

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు. నేను రిటైరయ్యాను. ఈమధ్య లైబ్రరీలో నా దగ్గరికొచ్చి కూర్చునే కుర్రాళ్లలో కొందరు ఇలాంటి పనిలోకే వెళ్తామంటున్నారు. "ఏం నేర్చుకోవాలి అంకుల్?" అని అడుగుతారు. కంప్యూటర్ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్క కేసు గురించి. మేం అన్నీ పద్ధతిగా చేసి, అందరినీ ఒప్పించి, అయినా ఓడిపోయిన కేసు అది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు డిగ్రీ లేదు. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయింది. టెక్సస్ వచ్చాక ప్లేనోలో ఒక ఇండియన్ స్టోర్ కౌంటర్లో పనిచేశాను. డ్రైవింగ్ రాని కొత్తలో, స్టోర్‌లో నాకు సెలవు ఉన్న రోజున ఇంట్లో ఒక్కణ్ణే ఉంటే పిచ్చెక్కుతుందని మా ఆవిడ ఆఫీసుకు వెళ్తూ నన్ను లైబ్రరీ దగ్గర దింపేసేది. కార్డు ఒక్కటుంటే చాలు, ఎన్ని పుస్తకాలైనా తీసుకోవచ్చని తెలిసిన రోజు నాకు పండగ. మొదట బొమ్మల పుస్తకాలతో ఇంగ్లీషు నేర్చుకున్నాను. తర్వాత చరిత్ర, మనస్తత్వశాస్త్రం, యుద్ధాల్లో పుకార్లు ఎలా పుట్టాయో, ఎలా చచ్చాయో చెప్పే పుస్తకాలు. పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. నా చదువంతా ఆ అరల మధ్యే జరిగింది. గర్వంగానే చెప్తున్నాను.

ఉద్యోగం కూడా అక్కడే దొరికింది. పత్రికలో చాలాకాలం పనిచేసి, ఆ పత్రిక చిక్కిపోయాక బయటికొచ్చిన ఒక అమెరికన్ ఆవిడ, ఆన్‌లైన్ అబద్ధాల మీద లైబ్రరీలో ప్రసంగం చేసింది. చివర్లో నేను లేచి, "మీరు చూపించినవన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. మా ఇళ్లకు వచ్చేవి తెలుగులో వస్తాయి. వాటిని ఎవరు చూస్తారు?" అని అడిగాను. ఆవిడ "ఎవరూ చూడటం లేదు" అంది. వెళ్లేముందు నా ఫోన్ నంబరు తీసుకుంది. కొన్ని నెలలకు ఒక ఫౌండేషన్ సాయంతో ఆవిడ ఆఫీసు తెరిచింది. తెలుగు మెసేజ్‌లు చూసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టింది.

ఆఫీసు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉండేది. కింద డ్రిల్ తిరుగుతుంటే పైన మా కప్పుల్లో కాఫీ వణికేది. తెలుగు బల్లకి మేం ఇద్దరం. నాతోపాటు ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. నన్ను ఒక వాక్యంలో "నువ్వు" అని, వెంటనే నాలుక కరుచుకుని "సారీ అంకుల్, మీరు" అనేది. కానీ ఒక ఫొటో ఎక్కడ పుట్టిందో, ఏ వీడియో ఎప్పటిదో పట్టుకోవడంలో ఆమె ఉడుంపట్టు చూస్తే నాకు ముచ్చటేసేది.

పని ఇలా ఉండేది. అనుమానం వచ్చిన మెసేజ్‌ని జనం మా నంబరుకు పంపుతారు. మేం నిజమో కాదో చూసి చిన్న సమాధానం రాస్తాం. వాళ్లు దాన్ని తమ గ్రూపుల్లో పెడతారు. హెచ్-వన్ వీసాలన్నీ రద్దవుతున్నాయని ఒకటి, షుగర్ మందులు మానేసి ఫలానా గింజలు నానబెట్టి తాగమని ఒకటి, ఇలా రోజూ వచ్చేవి. ఇలాంటి బల్లలు చాలా దేశాల్లో ఉండేవి. నెలకోసారి అందరం వీడియో కాల్‌లో కలిసేవాళ్లం. బ్రెజిల్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, కెన్యా వాళ్లు తమ తమ దగ్గర తిరిగే అబద్ధాలు చెబుతుంటే, మా గ్రూపుల్లో తిరిగేవే వేరే బట్టలు వేసుకున్నట్టు అనిపించేది.

ఆ అమెరికన్ ఆవిడ, అంటే మా బాస్, మాకు మొదటి రోజే ఒక నియమం పెట్టింది. పుకారు ఎవరి పేరూ చెప్పకపోతే మనమూ ఎవరి పేరూ చెప్పకూడదు. అమాయకుణ్ణి కాపాడబోయి అతన్ని అందరికీ చూపించినవాళ్లం కాకూడదు. మంచి నియమం. ఇప్పటికీ నాకు దానిమీద గౌరవమే.

ఒక రోజు పొద్దున్న ఆఫీసుకు వచ్చేసరికి మా నంబరుకి ఒకే వీడియో గుట్టగా వచ్చి పడి ఉంది. నైటీ వేసుకుని, కొప్పు ముడిచిన ఒక ఆడమనిషి వెనకనుంచి కనిపిస్తుంది. నేలమీద కూర్చున్న పసిబిడ్డని కొడుతుంది. అంతకంటే వర్ణించను. కింద తెలుగులో రాసి ఉంది: "ప్లేనోలో మన తెలుగు డేకేర్ ఆంటీ చేసే పని చూడండి. మీ పిల్లలు జాగ్రత్త. అన్ని గ్రూపుల్లో పెట్టండి."

అమ్మాయి ఒక్కసారి చూసి స్క్రీన్ వెనక్కి తోసింది. బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది. మధ్యాహ్నానికి పట్టేసింది.

"అంకుల్, ఇటు చూడు. సారీ, చూడండి. గోడకి ఈ ప్లగ్ అమెరికాది కాదు. వీడియో చాలా పాతది. వేరే కంట్రీలో జరిగింది. ఆవిణ్ణి అక్కడి పోలీసులు ఎప్పుడో అరెస్ట్ చేశారు. అక్కడి పేపర్లో ఇదే గది ఫొటో ఉంది."

వెంటనే సమాధానం రాశాం. వీడియో బొమ్మ పెట్టలేదు. అబద్ధాన్ని మళ్లీ చూపిస్తే అదే మనసులో నాటుకుంటుందని నేను చదివి ఉన్నాను. ఇది ఈ దేశంలో జరగలేదు, పాతది, దయచేసి ఆపండి అని నాలుగు వాక్యాలు. దాన్ని దాదాపు ఎవరూ ముందుకు పంపలేదు. కొందరు "ఏ వీడియో గురించి?" అని ఎదురు అడిగారు. అడిగినవాళ్లు ఆ వీడియో వెతికి చూశారు.

మూడు నాలుగు రోజులు గడిచాక ఒకావిడ మా మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. కాటన్ చీర, మీద స్వెటర్, చేతిలో స్టీలు డబ్బా నిండా జంతికలు. మొదటిసారి ఒకరింటికి వెళ్తున్నట్టు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే అమ్మాయి ఆపింది.

"నేను ఇంట్లో డేకేర్ నడుపుతానండీ. లైసెన్సు ఉంది" అని మొదలుపెట్టింది. భర్త పక్క రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో ఉన్నాడు, వారం విడిచి వారం వస్తాడు. ఆమె ఇంట్లో పిల్లల గది గోడ పసుపు రంగు. వీడియోలో గోడా పసుపే. ఆమెకీ కొప్పే. ఎవరో ఒకరు గ్రూపులో, "ఇది మన పిల్లల ఆంటీ వాళ్లిల్లులా లేదూ?" అని అడిగారు. అంతే.

"సోమవారం ఒక పిల్ల రాలేదు. జలుబేమో అనుకున్నా. మంగళవారం ఇద్దరు. ఒకాయన వచ్చి పాప దుప్పటి, పాలసీసా తీసుకెళ్లాడు, నా ముఖం చూడకుండా. అన్నయ్యగారూ, ఆ పాపకి నా దగ్గరే నడక వచ్చింది. మీరు అబద్ధమని రాశారట. నా పేరు పెట్టి రాయండి, నేను కాదని."

నేను బాస్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఆమె చేయి పట్టుకుని, నియమం గురించి మెల్లగా చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. వీడియోలో మీ పేరు లేదు, మేం పెడితే ఇప్పటిదాకా తెలియనివాళ్లకీ తెలుస్తుంది అని.

ఆమె విని తలూపింది. "పేరు లేకుండానే నా పిల్లలు వెళ్లిపోయారు కదండీ. ఇంకెవరికి తెలియాలి?"

ఆ మాట కూడా నేను బాస్‌కి ఇంగ్లీషులో చెప్పాను.

అప్పుడు అమ్మాయి, "వాయిస్ మెసేజ్ చేద్దామా?" అంది. పేరు ఉండదు, వీధి ఉండదు. గొంతు మాత్రమే. ఆమె దగ్గర పిల్లల్ని వదిలిన తల్లులకు ఆ గొంతు తెలుసు, మిగతావాళ్లకు తెలియదు. మన గ్రూపుల్లో రాసినదానికంటే గొంతుకి విలువ ఎక్కువని తెలుగువాళ్లం మా ముగ్గురికీ తెలుసు. దగ్గరి మనిషి నోటితో వచ్చిన ఖండన బాగా పనిచేస్తుందని నేను చదివిందీ అదే. డేకేర్ ఆవిడ ముఖం విప్పారింది. "నా గొంతు వింటే నా తల్లులకు తెలిసిపోతుంది" అంది. తల్లులు అంటే ఆమె ఉద్దేశం పిల్లలో, వాళ్ల అమ్మలో నాకు తెలియలేదు. బాస్ సరేనంది.

స్టేషనరీ పెట్టుకునే చిన్న గదిలో తలుపేసి రికార్డు చేశాం. కాగితం వద్దంది. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మాట్లాడింది.

"నమస్కారమండీ. నా గొంతు మీలో కొంతమందికి తెలుసు. ఆ వీడియోలో ఉన్నది నేను కాదు, అది మా ఇల్లు కాదు, అసలు ఈ దేశమే కాదు. మీ పిల్లలు నా దగ్గర అన్నం తిన్నారు, నిద్రపోయారు. ఏ ఒక్కరి మీదా నా చెయ్యి పడలేదు. పిల్లల విషయంలో నావల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే పెద్ద మనసుతో క్షమించండి. ఉంటానమ్మా."

చివర్లో గొంతు జీరపోయింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ దాన్ని ఇంగ్లీషులో టైప్ చేసి బాస్‌కి ఇచ్చింది. బాస్ చదివి, పెన్సిల్‌తో చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఈమె దేనికి క్షమాపణ అడుగుతోంది?"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వాం. "అది మా మర్యాద" అని చెప్పాను. "పెళ్లిలో ముప్ఫై వంటకాలు వడ్డించి, చేతులు జోడించి, లోటుపాట్లుంటే మన్నించండి అంటాం. సభలో గంటసేపు అద్భుతంగా మాట్లాడినా చివర్లో తప్పులుంటే క్షమించమంటాం. అలా అనకపోతేనే పొగరు."

"మీకు తెలుస్తుంది, నాకు తెలియదు. సరే" అంది. ఆ మెసేజ్‌లో తప్పక వినవలసిన వాక్యాన్ని ఆ గదిలో తెలుగు రాని మనిషి ఒక్కతే విన్నది. మర్యాదలో పెరిగిన మా చెవులు దాన్ని దాటేశాయి.

వాయిస్ మెసేజ్ బయటికి వెళ్లాక రెండు రోజులు మాకు పండగే. మేం రాసినవేవీ అంత వేగంగా తిరగలేదు. "ఏడిపించేశారు ఆంటీ", "ఛీ, ఎవరో ఏమో అనుకున్నాం", "దండం పెట్టాలి" అని తల్లులు రాశారు. ఇద్దరు పిల్లలు తిరిగి వచ్చారని ఆమె ఫోన్ చేసి చెప్పింది. అమ్మాయి కాఫీ కప్పుతో నా కప్పుని తాకించింది.

తర్వాత రోజు మా నంబరుకి మళ్లీ ఆ వీడియో వచ్చింది. ఈసారి గొంతు ఉంది. బిడ్డ ఏడుస్తుంటే పైనుంచి డేకేర్ ఆవిడ గొంతు వినిపిస్తుంది: "మీ పిల్లలు నా దగ్గర... నా చెయ్యి పడ... పొరపాటు జరిగి... పెద్ద మనసుతో క్షమించండి." కింద రాసి ఉంది: "ఒప్పుకున్న డేకేర్ ఆంటీ."

ఎవరు చేశారో మాకు ఎప్పటికీ తెలియలేదు. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఫోన్ చాలు. నేను దాన్ని మూడుసార్లు విన్నాను. మొదటి రెండుసార్లు, ఇంత మోటుగా అతికించినదాన్ని ఎవరు నమ్ముతారు అనిపించింది. మూడోసారి తల్లిలా వినడానికి ప్రయత్నించాను. ఆ గొంతు నిజం. ఆ జీర నిజం. గొంతు తెలిసినవాళ్లకే అది ఎక్కువ నిజం.

అది వేరే రాష్ట్రాల్లోని తెలుగువాళ్ల దాకా, చాండ్లర్ వెళ్లింది, బెంటన్‌విల్ వెళ్లింది. ఆమె భర్త ఆఫీసులో పక్క సీటతను అతనికే చూపించి, "మీ ప్లేనో వాళ్లే అంట, చూశారా?" అన్నాడు. హైదరాబాద్‌లో ఎవరో వీడియో ఛానల్ నడిపే కుర్రాడు తన ముఖం పక్కన పెట్టి తిట్టాడు. మేం ఆ యాప్ కంపెనీకి కంప్లైంట్ చేశాం. పరిశీలిస్తున్నామని జవాబు వచ్చింది. ఆమె ఇంటి ముందు కార్లు నెమ్మదించి వెళ్లేవి. కిటికీ దించి ఫొటో తీసేవాళ్లు. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ శాఖ నుంచి ఒకావిడ తనిఖీకి వచ్చింది. గదులు, తలుపు గొళ్లేలు, పిల్లల పక్కలు అన్నీ చూసింది. మాట వచ్చిన పిల్లలతో విడిగా మాట్లాడింది. ఏ లోపమూ లేదని రాసిచ్చి వెళ్లింది. అప్పటికి ఆ ఇంట్లో మిగిలిన పిల్లలు ఇద్దరే.

బాస్ అంతకుముందు తన గది తలుపు వేసుకునేది కాదు, ఇప్పుడు వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక రోజు నన్ను పిలిచి, "ఇక ఫోన్లతో కాదు. మనుషుల్ని కూర్చోబెట్టి చెప్పాలి" అంది. లైబ్రరీలో మీటింగ్ రూమ్ నేను బుక్ చేశాను. ఆ గదిలో నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. నాకు తెలిసినదంతా నేర్పిన చోట ఇది కూడా చక్కబడుతుందని నా మనసులో గట్టి నమ్మకం.

శనివారం మధ్యాహ్నం ఆమె దగ్గర పిల్లల్ని ఉంచిన తల్లిదండ్రులు దాదాపు అందరూ వచ్చారు. డేకేర్ ఆవిడ వెనక వరసలో, ఆమె భర్త పక్కన. మా అమ్మాయి తెరమీద ఒక్కొక్కటి చూపించింది. పాత వీడియో, అక్కడి పత్రిక ఫొటో, ప్లగ్ రంధ్రాలు. తర్వాత మేం చేసిన అసలు రికార్డింగు వినిపించి, దాన్ని ఎక్కడెక్కడ కోశారో ముక్కముక్కగా చూపించింది. తెలుగు తడబడినచోట ఇంగ్లీషులోకి వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. తనిఖీ ఫలితం నేను చదివాను.

కరీంనగర్ నుంచి వచ్చిన ఒక తండ్రి లేచాడు. దుప్పటి, పాలసీసా తీసుకెళ్లింది ఆయనే. "ఆంటీ, నాదే తప్పు. గుడ్డిగ నమ్మిన. ఇంత పెద్ద చదువులు చదివి ఏం లాభం? మాఫ్ చెయ్యున్రి" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఒక తల్లి వెనక్కి వెళ్లి డేకేర్ ఆవిణ్ణి కౌగిలించుకుంది. ఆవిడ ఆ తల్లి వీపు నిమురుతూ, "ఏం లేదులే తల్లీ, ఏం లేదులే" అంటోంది. నేను బాస్ వైపు చూశాను. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. గెలిచాం అనుకున్నాను.

"అయితే సోమవారం నుంచి పిల్లలు వస్తారు కదమ్మా?" అన్నాను నేను, అందరినీ ఉద్దేశించి.

కొందరు వంగి బ్యాగులు సర్దుకోసాగారు.

కౌగిలించుకున్న ఆ తల్లే ముందు మాట్లాడింది. "అంకుల్, నాకు హండ్రెడ్ పర్సెంట్ తెలుసు, ఆంటీ కాదని. మొదటినుంచీ తెలుసు. కానీ..."

"కానీ ఏమిటమ్మా?"

"మా అత్తగారు వైజాగ్‌లో చూశారు. రోజూ ఫోన్. ఆవిడకి ఎవరు ఎక్స్‌ప్లెయిన్ చేస్తారు? ఇంకోటి, నేను ఆఫీసు మీటింగ్‌లో కూర్చుంటే ఆ బేబీ ఏడుపే వినిపిస్తుంది. అది వేరే బేబీ అని తెలుసు. అయినా వినిపిస్తుంది. నేనేం చెయ్యను?"

కరీంనగర్ ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "మేం వేరే డేకేర్ల చేర్పించినం అంకుల్. డిపాజిట్ కట్టినం. ఇప్పుడు మళ్ల మార్చుడు అంటే పాపకు..."

"ఆంటీ మీద డౌట్ కాదండీ" అంది ఇంకొకామె. "నమ్మకం ఉంది. కానీ పిల్లల విషయం కదా, రిస్క్ ఎందుకని."

"నమ్మకం ఉంటే రిస్క్ ఏమిటమ్మా?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

"అంకుల్, మీకు చిన్నపిల్లలు లేరు. మీకు అర్థం కాదు."

డేకేర్ ఆవిడ లేచి నిలబడింది. "వదిలేయండి అన్నయ్యగారూ. తల్లులు కదా" అంది. భర్త ఆమె హ్యాండ్‌బ్యాగ్ పట్టుకున్నాడు. ఇద్దరూ అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక తల్లిదండ్రులు మా అమ్మాయి దగ్గరకొచ్చి, చాలా బాగా చెప్పావని మెచ్చుకున్నారు. ఇంకో మీటింగ్ పెట్టమని, ఏఐ వీడియోల గురించి చెప్పమని అడిగారు.

ఆ రోజు ఇంటికి వెళ్లి పుకార్ల మీద నేను చదివినవన్నీ గుర్తు చేసుకున్నాను. అబద్ధాన్ని జనం ఎందుకు నమ్ముతారో ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ అబద్ధం మీద నమ్మకం పోయాక వాళ్లు ఏం చేస్తారో చెప్పే పేజీ నాకు తగల్లేదు. నేను వెతకలేదేమో కూడా. నిజం తెలిస్తే మిగతాది దానంతట అదే జరుగుతుందని లైబ్రరీ మనిషిగా నాకు అనుమానమే రాలేదు.

ఆ ఏడాది చివర్లో ఫౌండేషన్ సాయం ఆగిపోయింది. అప్పటికి ఇలాంటి ఆఫీసులు దేశమంతా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అబద్ధాన్ని అబద్ధమనడమే ఒక పక్షం వహించడమని అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఆఖరి నివేదికలో మేం చూసిన కేసుల ఫలితాలు రాయాలి. వాయిస్ మెసేజ్ విన్నవాళ్లను, మీటింగ్‌కి వచ్చినవాళ్లను, ఆ వీడియో నిజమా అబద్ధమా అని అడిగాం. దాదాపు అందరూ అబద్ధమే అన్నారు. ఫౌండేషన్ లెక్కల ప్రకారం అది మా ఆఫీసు సాధించిన అన్నిటికంటే మంచి ఫలితం. బాస్ ఆ కేసుని విజయాల కింద రాసింది. రాసి, చదవమని నాకిచ్చి, నా ముఖం చూడకుండా కాఫీకి వెళ్లింది.

చివరి వీడియో కాల్‌లో మా కేసు చెప్పాం. బ్రెజిల్ ఆవిడ అడిగింది: "నమ్మాక ఏం చేశారు అన్న ప్రశ్న మీ ఫారంలో ఉందా?"

"లేదు" అంది బాస్.

"మా ఫారంలోనూ లేదు" అందామె. ఇంకో ఇద్దరు తలలూపారు.

కాబట్టి ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పేది అంతే. అబద్ధాన్ని పట్టుకోవడం మీకు వస్తుంది, మాకంటే బాగా వస్తుంది. పట్టుకున్నాక, దానివల్ల నలిగిన మనిషికి మర్నాటి పొద్దున్న ఎలా గడిచిందో వెళ్లి చూడండి. చూస్తే ఏదో బాగుపడుతుందని కాదు. నివేదికలో విజయం అని రాసేటప్పుడు మీ చెయ్యి కాస్త ఆగాలి.

ఆ తర్వాతి వేసవి మొదట్లో డేకేర్ ఆవిడ ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేసి బెంటన్‌విల్ వెళ్లిపోతున్నాం, సామాను సర్దడానికి కాస్త చేయందిస్తారా అని. నేను వెళ్లాను. పసుపు గోడకి తెల్ల రంగు వేసేశారు. పిల్లల కుర్చీలు, చిన్న బల్ల, బొమ్మల బుట్టలు గరాజ్ ముందు పెట్టి, ఎవరైనా ఉచితంగా తీసుకెళ్లవచ్చని ఊరి గ్రూపులో పెట్టింది ఆమె. అక్కడ మళ్లీ డేకేర్ పెట్టరా అని అడిగాను.

"పెట్టనండీ. ఎవరి పిల్లనైనా ఎత్తుకోవాలంటే ముందు చుట్టూ చూస్తున్నా, ఎవరైనా ఫోన్ పట్టుకున్నారేమోనని. అలా చూసే చేతుల్లో పిల్లలేం నిద్రపోతారు?"

ఒక కారొచ్చి ఆగింది. లైబ్రరీలో ఆమెను కౌగిలించుకున్న తల్లి దిగింది. కాస్త తత్తరపడి, "ఆంటీ! మీవేనా ఇవి? పోస్ట్‌లో అడ్రస్ చూసుకోలేదు" అంది. "పర్లేదమ్మా, తీసుకో" అంది డేకేర్ ఆవిడ. తానే రెండు కుర్చీలు మోసుకెళ్లి డిక్కీలో పెట్టింది.

వెనక సీట్లో బిగించిన కుర్చీలోంచి ఆ తల్లి పాప చూసింది. చూడగానే రెండు చేతులూ చాచి అరిచింది. "అమ్మమ్మా! అమ్మమ్మా, బువ్వ!"

డేకేర్ ఆవిడ కిటికీ వైపు ఒక అడుగు వేసింది. తల్లి గబగబా డ్రైవర్ సీట్లో కూర్చుంది. "సారీ ఆంటీ, స్విమ్మింగ్ క్లాస్‌కి లేట్ అవుతోంది. బై చెప్పు, బై చెప్పు." అద్దం పైకి వెళ్లింది. లోపల పాప ఇంకా అరుస్తూనే ఉంది, మాకు వినిపించలేదు.

కారు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి ఊపింది.

"ఈ అమ్మాయి నమ్మిందన్నారు కదా అన్నయ్యగారూ, మీ మీటింగ్‌లో?"

"నమ్మిందమ్మా" అన్నాను.

"నమ్మింది లెండి. నమ్మకపోతే నా ఇంటి కుర్చీలు తన పిల్లకి తీసుకెళ్తుందా?" అని, ఆమె మిగిలిన బొమ్మల బుట్టని రోడ్డుకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.